శత్రు సమక్షమున

జంషెడ్‌పురమున అగ్రికో అను పేటకు ఆ పేరు ఏ దేవతవలనను రాలేదు, ఏ దొరవలనను రాలేదు. పారలు, గునపములు, పికాసులు మొదలైన సేద్యపు పనిముట్లను చేయు కర్మాగారమువలన వచ్చినది. ఊరంతయు ఇనుమునుండి పుట్టినదే కనుక ఒక పేట పనిముట్ల పేరు పెట్టుకొనుట వింత కాదు. సాక్చీ అను పల్లెలో 1912లో తొలి ఉక్కుదిమ్మ వెలువడినది మొదలు, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండియు గంజాం సీమనుండియు బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు ఈ ఊరి పేటలలో తరతరములుగా కాపురముండి, బిష్టుపూరులో రామమందిరము కట్టుకొని, ఉగాదికి పచ్చడియు సంక్రాంతికి అరిసెలును మానక, మాటలో మాత్రము నాలుగు హిందీ ముక్కలు కలుపుకొని జీవించుచున్నవి. ఈ ఊరి పేరు సైతము యుద్ధముతో ముడివడినదే. మొదటి ప్రపంచ సంగ్రామమున ఇచ్చటి కర్మాగారము రైలుపట్టాలు సమకూర్చినందుకు కృతజ్ఞతగా 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చీకి జంషెడ్‌పురమని నామకరణము చేసెను.

ఈ కథ ఊరిలో అందరును చెప్పుకొనునదే. అంతగా చెప్పుకొనని కథ మరియొకటి కలదు. రెండవ ప్రపంచ సంగ్రామము రగులుచున్న దినములలో, 1941 సెప్టెంబరు 15వ తేదీన, పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటుకు చెందిన ప్రాదేశిక పటాలమొకదానిని పునర్వ్యవస్థీకరించి, లెఫ్టినెంటు కర్నలు ట్వీడ్ అను అధికారి బీహారు రెజిమెంటు మొదటి పటాలమును ఈ జంషెడ్‌పురముననే నెలకొల్పెను. హైదరాబాదు పేరు మోసిన సైన్యము కడుపున బీహారు రెజిమెంటు పుట్టుట, అదియు ఉక్కు కొలుముల నీడలో పుట్టుట, తెలుగువారు కొంచెము నిలిచి తలచుకొనవలసిన ముచ్చట. నిజమునకు ఆ నాటికే హైదరాబాదు రెజిమెంటులో నిజాము సీమవారు అరుదు; ఒకప్పుడు నిజాము రాజ్యమున వెలసిన సేనకు పేరు మాత్రము మిగిలి, కుమావూనీలును, అహీరులును, జాట్లును దానిని నింపియుండిరి. 1945లో ఆ పేరును మార్చి కుమావూను రెజిమెంటనిరి. పేరు పోయినను ఆ సేన కన్న బిడ్డలు ఇద్దరు ముగ్గురు మన కథలో మరల మరల ఎదురగుదురు.

పదాతి యనగా కాలినడకన పోవు భటుడు. రథ గజ తురగ పదాతులలో కడపటివాడు. చదరంగమున ముందు వరుసలో నిలిచి మొదట రాలువాడును అతడే. ఫిరంగులవారు మైళ్ల దూరమునుండి కొట్టుదురు, వైమానికుడు మేఘములమీదినుండి కొట్టును. పదాతి మాత్రము ఎదుటివాని కన్ను చూచుచు పోరవలెను. చేజిక్కిన నేలను నిలుపుకొనుటకు అతడు మొదట పట్టునది తుపాకి కాదు, పార. కందకము త్రవ్వని పదాతి తెల్లవారునప్పటికి మిగులడని పాత సైనికులందురు. అగ్రికో పేరు వినినప్పుడెల్ల ఈ మాట తలపునకు వచ్చును.

ఇట్టి పదాతి అధికారి చూపిన తెగువకు రాజ్యము ఇచ్చు పతకములను గూర్చి సామాన్యులమైన మనకు తెలిసినది స్వల్పము. జనవరి 26న ఢిల్లీ వీధిలో జీపులలో సాగిపోవు వీరులను చూచి చప్పట్లు కొట్టుదుము. మరునాడు పత్రికలో పేర్లు చదివి మరచుదుము. పరమవీర చక్రము, అశోక చక్రము ఈ రెండును ఒకటేయని తలచువారు చదువుకొన్నవారిలో సైతము కలరు. భేదమంతయు రెండు మాటలలో నున్నది: శత్రు సమక్షమున. శత్రువును ఎదుట పెట్టుకొని చూపిన శౌర్యమునకు పరమవీర, మహావీర, వీర చక్రములు. ఆ సమక్షము లేని చోట చూపిన శౌర్యమునకు అశోక, కీర్తి, శౌర్య చక్రములు. మొదటి మూడును 1950 జనవరి 26న ఏర్పడినను, కాశ్మీర యుద్ధమున ఒరిగినవారిని విస్మరింపకుండుటకై 1947 ఆగస్టు 15 నుండియే అమలునకు వచ్చినట్లు శాసించిరి. రెండవ మూడును 1952లో అశోక చక్రము మొదటి, రెండవ, మూడవ తరగతులుగా పుట్టి, 1967లో ఇప్పటి పేర్లు తాల్చినవి.

పరమవీర చక్రము రూపకల్పన చేసినది స్విట్జర్లాండు దేశమున జన్మించి, భారతీయ సైనికాధికారి విక్రమ్ ఖానోల్కరును పరిణయమాడి, హైందవ పురాణములలో మునిగి తేలిన సావిత్రీ ఖానోల్కర్ అను విదుషి. కంచు బిళ్ల నడుమ రాజముద్ర. చుట్టును నాలుగు ఇంద్రవజ్రములు. దధీచి మహర్షి తన వెన్నెముక నిచ్చి వజ్రాయుధమునకు హేతువైన కథ మన యిండ్లలో పసిపిల్లలకును తెలిసినదే కనుక ఆ చిహ్నము మనకు వివరింపనక్కరలేదు. ఎముక నిచ్చినవానికి ఎముక గుర్తు. ఆ పతకమును తొలుత పొందిన మేజరు సోమనాథ శర్మ, పైన చెప్పిన హైదరాబాదు రెజిమెంటు ఎనిమిదవ పటాలములోనే 1942లో అధికారియై చేరి, అది కుమావూను నాలుగవ పటాలముగా మారిన పిదప, విరిగిన చేతికి కట్టుతోనే 1947 నవంబరు 3న బడ్గాము వద్ద శ్రీనగర విమానాశ్రయమునకు అడ్డుగా నిలిచి నేలకొరిగెను. అతని సోదరుడు సావిత్రీ ఖానోల్కర్ కుమార్తెకు భర్త యగుట కేవలము కాకతాళీయము.

మహావీర చక్రము దానికి తరువాతిది. వెండి బిళ్లపై ఐదు కోణముల తార, నడుమ బంగారు పూత పూసిన రాజముద్ర, సగము తెలుపు సగము నారింజ వన్నెగల పట్టీ. వీర చక్రమును వెండిదే. దాని తార నడుమ చక్రము, పట్టీలో ముదురు నీలము. ఒకరికే అదే పతకము రెండవ పర్యాయము వచ్చినచో రెండవ బిళ్ల నీయరు, పట్టీమీద ఒక అడ్డపట్టె చేర్తురు. మహావీర చక్రము అట్లు రెండుసార్లు పొందినవారు ఆరుగురే. వారిలో పదాతి దళముల వారు లడఖు సింహమని పేరొందిన చెవాంగ్ రించెన్, సిక్కు లైట్ పదాతి దళమునకు చెందిన సంత్ సింగ్.

ఆంగ్లేయుల నాటి పద్ధతి ఇంతకంటె చిక్కుది, ఇంతకంటె అన్యాయమైనది కూడ. అప్పుడు శౌర్యమునకు సైతము అంతస్తు కలదు: ఒకే కందకములో, ఒకే రాత్రి, ఒకే తెగువ చూపిన ఇరువురిలో అధికారికి మిలిటరీ క్రాసు, భటునికి మిలిటరీ మెడలు. అందరికిని సమముగా తెరచియుండినది విక్టోరియా క్రాసొక్కటే; అదియు 1856లో పుట్టినను భారతీయ భటునికి 1911 వరకు అందరానిదే. స్వతంత్ర భారతము తన చక్రములలో ఈ భేదమును తుడిచివేసినది; సిపాయికిని జనరలుకును ఒకటే బిళ్ల. మన గణతంత్రము నిశ్శబ్దముగా చేసిన మేలిపనులలో ఇది యొకటియని నా అభిప్రాయము.

మరియొక చిక్కు. ఆ కాలమున విక్టోరియా క్రాసు తప్ప తక్కిన రణశౌర్యపతకములు చనిపోయినవారికి ఈయరు. 1942 ఫిబ్రవరిలో బర్మాలోని సిత్తాంగ్ వంతెన వద్ద, సామ్ మానెక్‌షా అను యువ పదాతి అధికారి కడుపున తూటాలు దిగి పడియుండగా, కవన్ అను పై అధికారి తన రొమ్ముమీది మిలిటరీ క్రాసు పట్టీని విప్పి అతనికి తగిలించి, మరణించినవానికి ఇది ఈయరు గదా యనెనని ప్రసిద్ధి. మానెక్‌షా బ్రతికెను, తరువాత ఫీల్డు మార్షలయ్యెను గనుక ఇది వేడుకైన కథయైనది. ఆ క్షణమున బ్రతుకనివారి కథలను చెప్పువారు లేరు.

నేను చెప్పదలచినదంతయు ఇందులోనే యున్నది. పతకము శౌర్యమును కొలుచు కుంచము కాదు. అది సాక్ష్యమునకు పుట్టిన బిడ్డ. ఎవడో చూడవలెను, చూచినవాడు బ్రతుకవలెను, బ్రతికినవాడు చెప్పవలెను, చెప్పినదానిని ఒకడు వ్రాయవలెను. సాధారణముగా ఆ వ్రాయువాడు పటాలమునకు అధిపతియైన కమాండింగ్ అధికారి. తన భటులలో ఎవడేమి చేసెనో విచారించి అతడు వ్రాసిన సిఫారసు పై అధికారుల మెట్లెక్కుచు సైన్య ప్రధాన కార్యాలయమునకును, రక్షణ మంత్రిత్వశాఖకును చేరి, రాష్ట్రపతి ఆమోదముతో గణతంత్ర దినమునందో స్వాతంత్ర్య దినమునందో ప్రకటింపబడును. మెట్టుమెట్టునను వడపోతయే. ఇక వ్రాయవలసిన ఆ అధిపతియే రణమున కూలినచో?

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో జరిగినది అదియే. ఆ రాత్రి కూలిన అధిపతి మన తెలుగువాడు, అతని పటాలము జంషెడ్‌పురమున వేరూనిన బీహారు రెజిమెంటులోని పదునారవది.

బిక్కుమళ్ల సంతోష్‌బాబు స్వస్థలము సూర్యాపేట. ఆరవ తరగతికే విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో చేరెను. 1962లో విజయనగర రాజుల కోరుకొండ రాజభవనమున నెలకొన్న ఆ పాఠశాల, తెలుగు పల్లెల పిల్లలను ఖాకీ నిక్కరులలో నడిపించి సైన్యాధికారులుగా పంపుటలో పేరుపొందినది. అచ్చటినుండి జాతీయ రక్షణ అకాడమీకి, అచ్చటినుండి దెహ్రాదూనుకు పోయి, 2004లో బీహారు పదునారవ పటాలమున అధికారియై, కాంగో దేశమున ఐక్యరాజ్యసమితి శాంతిసేనలోను పనిచేసి, తాను చేరిన పటాలమునకే 2019 డిసెంబరులో అధిపతియయ్యెను. తాను సెకండు లెఫ్టినెంటుగనో లెఫ్టినెంటుగనో అడుగిడిన పటాలమునకే కర్నలై ఆధిపత్యము వహించుట పదాతి అధికారికి అన్నిటికంటె పెద్ద కోరిక యని ఆ వృత్తివారు చెప్పుదురు.

అతడు కూలిన గల్వాన్ లోయ సముద్రమట్టమునకు దాదాపు పదునాలుగువేల అడుగుల యెత్తున, లేహ్ వాసియైన గులాం రసూల్ గల్వాన్ అను మార్గదర్శకుని పేర వెలసిన నది ఒరిసికొని పారు ఇరుకు లోయ. చైనాతో మనకు 1996లో జరిగిన ఒప్పందము ప్రకారము వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల ఏ పక్షమును తుపాకి పేల్చరాదు. కనుక ఆ రాత్రి జరిగినది ఇరువదియొకటవ శతాబ్దపు యుద్ధము కాదు, కురుక్షేత్రముకంటెను పాతది. రాళ్లు, ఇనుప కమ్ములు, మేకులు దిగగొట్టిన దుడ్డుకఱ్ఱలు, పిడికిళ్లు, చీకటి, గడ్డకట్టు నీరు. మన భటులయొద్ద తుపాకులుండెను, పేల్చలేదు. ఆధునిక సైన్యములు రెండు ఆయుధములను వీపున మోసికొనుచు రాళ్లతో కొట్టుకొనుటను మించిన విపరీతము చరిత్రలో ఎక్కడనున్నదో నేనెరుగను.

సంతోష్‌బాబునకు ఈయబడిన మహావీర చక్రముతోబాటు వెలువడిన ప్రశంసాపత్రము ప్రకారము, ఆపరేషన్ స్నో లెపర్డ్ అను సైనిక చర్య సందర్భమున శత్రువు నెదుట ఒక పరిశీలక స్థావరము నెలకొల్పుట అతనికి అప్పగింపబడిన కార్యము. అది నెరవేర్చి ఆ చోటు నిలుపుకొనుచుండగా, సంఖ్యలో మిక్కిలి హెచ్చుగానున్న శత్రువులు వాడియైన ఆయుధములతో పైబడుటయే కాక ప్రక్కనున్న మిట్టలనుండి రాళ్లు కురిపింపగా, తీవ్రముగా గాయపడియు అతడు వెనుకకు పోక, ముందుండి తన దళమును నడిపించుచు, కడ ఊపిరి వరకు చేతులతోనే పోరెను. ఆ రాత్రి మనవారు ఇరువదిమంది అసువులు బాసిరి. తమవారు నలుగురు మరణించిరని చైనా మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఒప్పుకొనెను.

ఇచ్చటనే 'శత్రు సమక్షమున' అను రెండు మాటల బలము తెలియును. యుద్ధము ప్రకటింపబడలేదు, తూటా పేలలేదు. ఐనను ఇది యుద్ధకాల పతకమైన మహావీర చక్రమునకే తగినదని రాజ్యము నిశ్చయించినది. పతకపు శాసనము అడుగునది యుద్ధ ప్రకటనను కాదు, శత్రువును. ఎదుట శత్రువున్న యెడల చేతనున్నది ఫిరంగియైనను గులకరాయియైనను శాసనమునకు ఒకటే. 2021 గణతంత్ర దినము సందర్భమున ఈ ప్రకటన వెలువడగా, సంతోష్‌బాబు తండ్రి తనకు సంపూర్ణ తృప్తి కలుగలేదనియు, కుమారునకు పరమవీర చక్రమే తగుననియు పత్రికలతో పలికెను. కొందరు దానిని తప్పుపట్టిరి. నాకు మాత్రము ఆ మాటలో పతక లోభము కనబడలేదు. తుపాకి చేతనుండియు పేల్చక మాట నిలుపుకొని మరణించిన కొడుకు సంయమనమునకు ఏ పతకమున చోటున్నదని ఆ వృద్ధుడు అడిగినట్లే తోచినది. ఆ ప్రశ్నకు శాసనములో జవాబు లేదు.

ఆ ఏడు నవంబరు 23న రాష్ట్రపతి రామనాథ కోవింద్ చేతులమీదుగా అతని తల్లియు భార్యయు కలిసి ఆ వెండి బిళ్లను అందుకొనిరి. అదే వేదికపై గల్వాన్ యోధులకు వీర చక్రములు కూడ పంచబడెను: అదే పటాలపు నాయబ్ సుబేదారు నుదూరామ్ సోరెన్, నాయక్ దీపక్ సింగ్, ఫిరంగి దళపు హవల్దారులు పళని, తేజిందర్ సింగ్, పంజాబు రెజిమెంటు సిపాయి గురుతేజ్ సింగ్. వీరిలో తేజిందర్ సింగ్ ఒక్కడే బ్రతికి వచ్చి తన పతకమును తన చేత నందుకొన్నవాడు. నుదూరామ్ సోరెన్ ఊరు ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలోనిది. జంషెడ్‌పురమునకు పొరుగు సీమయే.

సంతోష్‌బాబుకంటె ముందు తెలుగునాట మహావీర చక్రమెరిగిన గడపలు కలవు. తిరుపతికి చెందిన మేజరు జనరలు సి. వేణుగోపాలు, 1971లో లెఫ్టినెంటు కర్నలుగా గూర్ఖా పటాలమునకు అధిపతియై జెస్సోర్ రంగమున ఉథాలీ, దర్శనా స్థావరములను కైవసము చేసికొని, ఆ పతకమును బ్రతికియుండి ధరించిన భాగ్యశాలి. యుద్ధపు స్వర్ణోత్సవము సందర్భముగా 2021 ఫిబ్రవరిలో విజయజ్యోతి ఆయన యింటికే నడచివచ్చెను. హైదరాబాదువాడైన మేజరు పద్మపాణి ఆచార్య, తండ్రి వైమానిక దళాధికారి, 1999 జూన్ 28న కార్గిల్ కొండలలో రాజపుతానా రైఫిల్సు రెండవ పటాలపు దళమును నడుపుచు కూలెను. అతని పటాలమొక్కటే ఆ ఒక్క వేసవిలో నాలుగు మహావీర చక్రములు గడించినది. పుట్టబోవు బిడ్డను కన్నులార చూడక పోయిన ఆ తండ్రి తన చివరి జాబులో, భార్యకు దినమునకొక భారతకథ చెప్పుమని తన తండ్రిని కోరెను. కడుపులోని శిశువు అభిమన్యునివలె వినునని అతని ఊహ.

మరల మన ఊరికి వత్తము. జంషెడ్‌పురము తూర్పు సింగ్‌భూము జిల్లాలోనిది. ఆ జిల్లా కొసన, బెంగాలు, ఒడిశా సరిహద్దులు తాకునట్లు, బహరాగోడా అను ప్రాంతము కలదు. అచ్చటి కోసాఫలియా అను సంతాలు పల్లెనుండి సైన్యమున చేరిన గణేశ్ హాంస్‌దా అను ఇరువదియేండ్లు దాటిన సిపాయి, తన కర్నలు కూలిన రాత్రియే కూలెను. బీహారు రెజిమెంటు సిపాయిలలో సగము మంది ఇట్టి అడవిబిడ్డలే. వారి రణనినాదములలో బజరంగబలికి జయముతోబాటు బిర్సా ముండాకు జయమును వినబడును. పరమవీర చక్రధారియైన అల్బర్ట్ ఎక్కా సైతము మొదట చేరినది ఈ రెజిమెంటుననే.

గణేశ్ హాంస్‌దా పేరు వీర చక్రముల జాబితాలో లేదు. చీకటిలో, నీటిలో, రాళ్ల వానలో, అతడు ఎవరిని కాచెనో, ఎవరి దెబ్బకు అడ్డుపడెనో చూచినవాడు లేకపోయెనేమో. చూచిన కన్నులు అతనితోనే మూతపడెనేమో. అతని కొరకు కలము పట్టవలసిన అధిపతి సూర్యాపేట చేరెను, కట్టెల మీదికి. సూర్యాపేటలో 2021 జూన్ 15న, సరిగా సంవత్సరమునకు, సంతోష్‌బాబు విగ్రహము ఆవిష్కరింపబడినది. హైదరాబాదు నుండి విజయవాడ పోవు దారిలోని ఊరది. బస్సు కిటికీనుండి తలవంచువారు నేటికిని కలరు.

సంక్రాంతికి స్వగ్రామములకు పోవు అగ్రికో తెలుగువారు రాయగడ మీదుగా రైలులో విజయనగరము చేరుదురు. విశాఖకు పోవువారి రైలు ఆ పిమ్మట కోరుకొండ అను చిన్న స్టేషనును దాటును. అది నిలుచు బండి కాదు, పేరు చదువునంతలో వెనుకబడును.